అలిపిరి మెట్ల మీద నాన్నగారి కాలు తడబడటం గురించి

గ్లాకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు) ఉన్న మీ నాన్నగారు కంటి పరీక్షలో అక్షరాల చార్టు చివరి వరుసదాకా చదివేస్తున్నారు, అయినా అలిపిరి మెట్లు దిగేటప్పుడు తడబడుతున్నారన్నారు కదా. తప్పు మోకాళ్లది కాకపోవచ్చు. చూపు అంచులు, ముఖ్యంగా కిందివైపు, తగ్గి ఉండొచ్చు. ఈ జబ్బులో నడిమి చూపు చాలాకాలం బాగానే ఉంటుంది, అందుకే చార్టు మోసం చేస్తుంది.

1. ఫీల్డ్ టెస్ట్ (చూపు అంచులదాకా ఎంత కనపడుతోందో చూసే పరీక్ష) అడిగి మరీ చేయించండి. చాలామంది కంటి ప్రెషర్ చూపించుకుని వచ్చేస్తారు, ఇది వదిలేస్తారు. ఒక్కో కంటికి విడిగా, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. మొదటిసారి కంగారు పడతారు (మా అత్తకు రెండోసారికి గానీ కుదర్లేదు). పాత రిపోర్టు ఉంటే తీసుకెళ్లండి, పోల్చి చూస్తారు.

2. చుక్కల మందు మీ అంతట మీరు ఆపొద్దు.

3. కంట్లో తీవ్రమైన నొప్పి, ఎరుపు, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు: వెంటనే ఆసుపత్రికి.

మీరూ ఒకసారి కళ్లు చూపించుకోండి, ఇది కుటుంబాల్లో వస్తుంది.