ఏడో పేజీలో స్విచ్

విశాఖపట్నం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ రష్యా కథ అందింది. మూడో పేజీలో ముసలావిడ గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద చెయ్యేసి, పసివాడికి జ్వరం చూసినట్టు చూసిందని రాశావు. అక్కడ ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. తీరా ఏడో పేజీకొచ్చేసరికి అదే ఇంట్లో మనవరాలు చలేస్తోందని రేడియేటర్ స్విచ్ వేసింది. ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఈ ఉత్తరం రాస్తున్నాను, మాట పెళుసుగా ఉంటే సర్దుకో.

ఆ ఇంట్లో స్విచ్ ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా? అలాంటి పస్యోలక్‌లో, అంటే పల్లెకీ పట్నానికీ మధ్యరకం రష్యన్ ఊళ్లో, ఊరంతటికీ కలిపి ఏ ఒకటో రెండో బాయిలర్ హౌసులుంటాయి. గొట్టాల్లో వేడినీళ్లు అక్కణ్ణుంచే ఇంటింటికీ రావాలి. బయట రోజు సగటు వరసగా అయిదు రోజులు 8 డిగ్రీల లోపుంటే, అప్పుడు స్థానిక పరిపాలన అధిపతి ఉత్తర్వు మీద సంతకం పెడతాడు, గొట్టాలు వెచ్చబడతాయి. 9 డిగ్రీలైతే కోటు తొడుక్కుని మంచమెక్కడమే. ఆరేళ్లు ఆ దేశంలో వైద్యం చదివానన్నావు. హాస్టల్ గోడకి చేరగిలబడి అనాటమీ బట్టీ పడుతుంటే నీ వీపుకి తగిలిన వెచ్చదనం ఎవరో పెట్టిన సంతకమే. ఒక్కసారైనా ఎవరిదని అడిగావా?

నాకున్నది ఒకటే పాట, విన్నవాళ్లంతా విసుక్కున్నారు, నువ్వూ విసుక్కో. ఊరి కథ రాయబోయే ముందు ఆ ఊళ్లో నీటికీ వేడికీ జీతానికీ ఎవరు సంతకం పెడతారో, డబ్బు ఎవరి జేబులోంచి రావాలో కనుక్కో. ఈ ఇద్దరూ ఒకరు కాని చోట కథ ఉంటుంది. మనసూ గినసూ తర్వాత.

నీ కథలో మేయరుకి తివాచీ పరిచిన గది, కాన్యాక్ సీసా, బంగారు పెన్ను ఉన్నాయి. పెన్ను అంటే గుర్తొచ్చింది, పికల్యోవో సంగతి విన్నావా? లెనిన్‌గ్రాద్ ప్రాంతంలో, అప్పటికి ఇరవై వేల పైచిలుకు జనమున్న పట్నం, నీ పస్యోలక్ కంటే కాస్త పెద్దది. అక్కడికి కోలా ద్వీపకల్పం నుంచి రైల్లో నెఫెలిన్ అనే ఖనిజం వస్తుంది. దాన్నుంచి అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా తీస్తారు. మిగిలిన మడ్డి సిమెంటుకి పోతుంది, మిగిలిన ద్రావణం సోడాకీ పొటాష్‌కీ పోతుంది. సోవియట్ రోజుల్లో అంతా ఒకే ఒళ్లు. ప్రైవేటుపరమయ్యాక తల ఒకడికి, మొండెం ఒకడికి, కాళ్లు ఒకడికి అన్నట్టు ముగ్గురు యజమానుల పాలైంది. ధర దగ్గర పేచీ వచ్చింది, పైన 2008 సంక్షోభం. ఒకటి ఆగేసరికి మిగతా రెండూ ఆగాయి. ఊరికి వేడినీళ్లు పంపే కేంద్రం అల్యూమినా ఫ్యాక్టరీ చేతిలో ఉంది. గ్యాసు బాకీ పెరిగి 2009 మే నెలలో వేడినీళ్లు కూడా ఆగిపోయాయి.

మే 20న జనం పరిపాలన భవనంలో సమావేశం జరుగుతున్న గదిలోకి తోసుకొచ్చారు. ఇక్కడ ఆగి ఆలోచించు. యజమానులు ఆ ఊళ్లో ఉండరు. అరవడానికి అందుబాటులో ఉన్న తలుపు మేయరుదొక్కటే. జూన్ 2న రహదారి దిగ్బంధం చేశారు. 4న అప్పటి ప్రధాని పుతిన్ వచ్చి, కెమెరాల ముందు అల్యూమినా ఫ్యాక్టరీ యజమాని ఒలేగ్ దెరిపాస్కాని పిలిచి ఒప్పందం మీద సంతకం పెట్టించి, పెన్ను తిరిగిచ్చేయమన్నాడు. ప్రపంచమంతా ఆ పెన్ను గురించే రాసింది. నన్నడిగితే కథ రెండు వారాల ముందే, గదిలోకి జనం వచ్చినప్పుడే ఉంది. లేని వేడికి జవాబు చెప్పాల్సిన మనిషి, చేతిలో ఏ మరా లేని మనిషి, కుర్చీలోంచి లేచి నిలబడతాడే, అక్కడ.

రష్యాలో 2003లో వచ్చిన 131వ నంబరు చట్టం వేడి సరఫరా ఏర్పాటు చూడటం పట్టణ తరహా పస్యోలక్ బాధ్యత అంది. చేతికి ఇచ్చిన సొంత పన్నులు చెప్పుకోదగ్గవి రెండు: భూమి మీద ఒకటి, మనుషుల ఇళ్లూ వాకిళ్ల మీద ఒకటి. ఫ్యాక్టరీ లాభం మీద పన్ను పైకే పోతుంది. రాజ్యాంగం 12వ అధికరణమేమో స్థానిక సంస్థలు రాజ్యాధికారంలో భాగం కావంటుంది. వినడానికి స్వాతంత్ర్యంలాగే ఉంటుంది. ఇప్పుడు ఆ పరిపాలనలే చాలాచోట్ల పై జిల్లాల్లో కలిసిపోతున్నాయి, 2025 చట్టం దానికి దారి ఇంకా వెడల్పు చేసింది. నీ మేయరుకి కాన్యాక్ ఇచ్చావు గానీ ఈ తలనొప్పి ఒక్కటీ ఇవ్వలేదు.

1994 జనవరిలో యంత్రాలు కొనేవాళ్ల వెంట దుబాసీగా యురల్స్‌లో ఒక పస్యోలక్‌కి వెళ్లాను. ఏదో కాగితం మీద ముద్ర కావాల్సొచ్చి పరిపాలన ఆఫీసుకి పోయాను. వరండాలో జనం వరసలో లేరు, ఎవరికి తోచిన చోట వాళ్లు కూర్చున్నారు. లోపలికొచ్చినవాడు "ఆఖరు ఎవరు?" అని అడిగి, ఆ మొహం గుర్తుపెట్టుకుంటాడు, అంతే, అదే క్యూ. నా ముందు ఒక ముసలాయన గుమస్తావిడ మీద పావుగంట కేకలేశాడు. ఇల్లు మంచుగడ్డయిపోయిందని, ఫ్యాక్టరీ చూసుకున్నన్నాళ్లూ ఇలా లేదని. నిజమే, ఆ యేడే ఫ్యాక్టరీ తన ఇళ్లనీ, పిల్లల బడినీ ఈ ఆఫీసు నెత్తిన పడేసింది, డబ్బు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఆవిడ శాలువా కప్పుకుని, ఉన్ని బూట్లతోనే బల్ల దగ్గర కూర్చుంది. ఎదురు మాట్లాడలేదు. లేచి ఆయన చెయ్యి పట్టుకుని తన గది రేడియేటర్ మీద పెట్టింది. ఆయన నోరు పడిపోయింది. తర్వాత ఆవిడ రబ్బరు స్టాంపు మీద నోటి ఆవిరి ఊది, ఆయన ఫిర్యాదు మీద "అందినది" అని గుద్దింది.

దీన్ని కథ చేసి ఒక వారపత్రికకి పంపాను. సంపాదకుడు స్టాంపు ఊదడం కొట్టేశాడు. "రష్యా అంటే మంచుండాలి, వోడ్కా ఉండాలి, విరహం ఉండాలి, ఈ ఆఫీసు గోల ఎవరు చదువుతారండీ" అన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న యావ, మంచు పెంచాను. బొమ్మలో ఎలుగుబంటిని వేశారు. కథలో ఎలుగుబంటి లేదు. ఆ కథని ఇవాళ్టికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు నేను.

ఇప్పుడు ఇంకో పిచ్చి. ఊరికి పేరుండకూడదు, ఏడాది ఉండకూడదు, అప్పుడది సార్వజనీనమట! నీ కథలో ఫ్యాక్టరీ సిమెంటు చేస్తుందో, కాగితం చేస్తుందో, రాగి కరిగిస్తుందో ఒక్క ముక్క లేదు. పొగ మాత్రం పేజీకి రెండుసార్లుంది.

ఏ పత్రికకి పంపాలో, ఉత్తమ పురుషలో రాయాలో వద్దో అడిగావు, ఇంకేవో కూడా అడిగావు. ఇంకోసారి చూద్దాం. ముందు ఆ బాయిలర్ తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకు రాయి. మేయరు దగ్గరైతే కాదు.

కాగితాలు తిప్పి పంపుతున్నాను. ఏడో పేజీ మీద మరక నాదే, కాఫీ.