అమెరికాలో ఇన్ని కాల్పులు జరుగుతున్నా, తుపాకుల చట్టంపై రెండు పార్టీలూ ఎందుకు రాజీ పడవు?

అసలు పడలేదనడం సరికాదు, 2022లో పడ్డారు. ఆ మే నెలలో బఫెలో సూపర్ మార్కెట్‌లో 10 మంది, పది రోజులకే మా టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలయ్యారు. నెల తిరిగేసరికి తుపాకుల బిల్లు మీద అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం పడింది. డెమొక్రాట్ల తరఫున క్రిస్ మర్ఫీ, రిపబ్లికన్ల తరఫున మా సెనేటర్ జాన్ కార్నిన్ ముందుండి బేరం కుదిర్చారు. సెనేట్‌లో 65–33తో నెగ్గింది.

కుదిరింది చిన్నదే. 21 ఏళ్ల లోపు వాళ్లు తుపాకీ కొంటే వాళ్ల రికార్డులు లోతుగా చూడటానికి పది పనిదినాల దాకా గడువు. ప్రియురాలిని కొట్టి శిక్షపడ్డవాడికి తుపాకీ బంద్, అదీ మొదటి నేరమైతే అయిదేళ్లే. కొనే వయసు 21కి పెంచడం మాత్రం కుదరలేదు. యువాల్డీ హంతకుడు 18 నిండగానే చట్టబద్ధంగా రైఫిల్ కొన్నాడని తెలిసి కూడా!

మేముండేది డాలస్ శివార్లలో. ఇక్కడ కొన్ని షాపుల తలుపుల మీద 30.06, 30.07 అని బోర్డులుంటాయి, అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ. మొదటిది తుపాకీ దాచుకుని రావద్దని, రెండోది కనబడేలా పెట్టుకుని రావద్దని. కొత్తలో టెన్షన్‌గా ఉండేది, ఇప్పుడు కంటికి ఆనవు. 2023లో ఇక్కడి ఆలెన్ మాల్ కాల్పుల్లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ వారం మా వాట్సాప్ గ్రూపులో సగం మంది తుపాకులు నిషేధించాలన్నారు, మిగతావాళ్లు ట్రైనింగ్ క్లాసులెక్కడ అని అడిగారు. హెచ్‌1బీ మీదున్నవాళ్లకి, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు తప్ప, కొనే హక్కే లేదు. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు.

మా పక్కింటి పెద్దాయన జింకల వేటకు వెళ్తాడు. ఆయన వాదన ఇది: 1993 బ్రేడీ చట్టంలో లైసెన్స్ ఉన్న డీలర్ల దగ్గర కొనేవాళ్ల నేర చరిత్ర తనిఖీకి ఒప్పుకున్నాం, మనిషికీ మనిషికీ మధ్య అమ్మకాలు వదిలేశారు, ఆ వదిలేసినదాన్నే తర్వాత లొసుగు అన్నారు. 2013లో గన్ షోలకీ, ఆన్‌లైన్ అమ్మకాలకీ తనిఖీ పెట్టాలన్న బిల్లుకి సెనేట్‌లో 54 ఓట్లొచ్చాయి, అక్కడ గట్టెక్కడానికి కావలసినవి 60. ఆయన మాటలో కొంత నిజముంది కానీ, ప్రతిసారీ వెనక్కి తగ్గింది తుపాకుల వైపు వాళ్లే అనడం నేనొప్పుకోను. 1994 నాటి అసాల్ట్ ఆయుధాల (సైనిక తరహా తుపాకుల) నిషేధం 2004లో గడువు తీరిపోతే ఎవరూ పొడిగించలేదు. టెక్సాస్‌లో 2021 నుంచి హ్యాండ్‌గన్ పెట్టుకు తిరగడానికి లైసెన్సే అక్కర్లేదు.

నా లెక్కలో అసలు అడ్డంకి ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలు. ఓటింగ్‌కి ముందే హ్యూస్టన్‌లో సొంత పార్టీ సభలోనే కార్నిన్‌ని గేలి చేశారు. సెనేట్‌లో బిల్లుకి ఓటేసిన రిపబ్లికన్లు 15 మంది. వాళ్లలో ఆ నవంబర్‌లో జనం ముందుకు వెళ్లాల్సినవాళ్లు ఇద్దరే, నలుగురు రిటైర్ అయిపోతున్నవాళ్లు, మిగతావాళ్లకి ఎన్నికలు దూరం.

పెద్దాయన్నే అడిగాను, వయసు 21 చేస్తే మీకేమైనా అభ్యంతరమా అని. ఏమీ లేదన్నాడు. మరి ప్రైమరీలో ఆ మాట అన్న అభ్యర్థికి ఓటేస్తారా అంటే, అది వేరే సంగతి అన్నాడు.