షేర్లన్నీ నావే అయినప్పుడు కంపెనీ డబ్బు నాది కాదా?

కాదు, షేర్లన్నీ మీ పేరనే ఉన్నా లిమిటెడ్ కంపెనీ ఖాతాలోని డబ్బు కంపెనీదే. రిజిస్టరైన కంపెనీని చట్టం విడిగా ఒక వ్యక్తిలా చూస్తుంది. ఆస్తీ దానిదే, అప్పూ దానిదే. మీకున్నవి షేర్లు మాత్రమే. ఆ డబ్బు మీకు చేరాలంటే జీతంగానో, డివిడెండుగానో (లాభంలో షేర్లవారికి పంచే వాటా), లెక్కల్లో చూపిన అప్పుగానో రావాలి.

బ్రిటన్‌లో ఈ సూత్రాన్ని స్థిరపరిచింది 1896 నాటి తీర్పు. ఆరన్ సాలమన్ అనే బూట్ల తయారీదారుకు తన కంపెనీ 20,007 షేర్లలో 20,001 ఉండేవి. మిగిలిన ఆరు భార్యాబిడ్డలవి, అంటే పేరుకే! కంపెనీ దివాలా తీసింది. అయినా దాని అప్పులు ఆయన సొంతంగా తీర్చనక్కరలేదని అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

చాలామంది అప్పుల దగ్గర కంపెనీకీ తమకూ ఉన్న ఈ తేడాను గట్టిగా గుర్తుపెట్టుకుని, లాభాల దగ్గర మరిచిపోతారు. పైగా, లిమిటెడ్ అన్న మాట ఉంటే చాలు, తమ సొంత ఆస్తికి ఎప్పుడూ ఢోకా లేదనుకుంటారు. కానీ కంపెనీ రుణానికి వ్యక్తిగత హామీ సంతకం చేసి ఉంటే బ్యాంకు నేరుగా మిమ్మల్నే అడుగుతుంది. రిజిస్టరు కాని సొంత వ్యాపారంలోనైతే ఈ తేడాయే ఉండదు.