పిల్లి ఉచ్చ కంపు ఎక్కడిదో ముందు పట్టుకో

అమ్మడూ,

వాసన పోవట్లేదని ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగానన్నావు. ముందు అది ఆపు. తడి ఆరకముందే తిరిగి, పాదాలు నాక్కుంటే పిల్లికి అది విషం. బ్లీచింగ్ కూడా వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే వచ్చే ఘాటు మీ ఊపిరితిత్తులకే చేటు.

దొంగనోట్లు చూసే యూవీ టార్చి ఒకటి తెప్పించు. రాత్రి లైట్లన్నీ ఆర్పి వెతుకు. నేనైతే సోఫాని అనుమానించి రెండుసార్లు ఉతికించాను. తీరా టార్చి వేస్తే బీరువా పక్క గోడమీద, జానెడు ఎత్తునుంచి కిందికి కారిన పసుపుపచ్చ చార! సబ్బు మరకలు కూడా మెరుస్తాయి, కాస్త నీలంగా. అందుకని వంగి వాసన చూసి, సుద్దముక్కతో గుండ్రం గీసుకో.

గోడమీద ఉంటే అది చిమ్మడం. గోడకి వీపు పెట్టి, తోక నిటారుగా ఎత్తి వణికిస్తూ కొంచెమే కొడతాయి. మీ మగపిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదుగా. ఫెలినైన్ అనే పదార్థం మగపిల్లుల ఉచ్చలో మరీ ఎక్కువ. అది విడిపోయేకొద్దీ గంధకం కంపు లేస్తుంది, అందుకే తొలిరోజు కన్నా తర్వాతే ముక్కు పగులుతుంది. ఆపరేషన్‌తో చాలావాటికి తగ్గిపోతుంది. కిటికీ దగ్గరికి వీధిపిల్లి ఏదైనా వస్తోందేమో కూడా చూడు.

నేలమీద మడుగు కడితే ఉచ్చకి పెట్టిన ట్రే నచ్చలేదనో, ఒంట్లో బాగాలేదనో. ఒక్క పిల్లికైనా రెండు ట్రేలు పెట్టు, రోజూ ఎత్తిపొయ్యి.

వాసన మారితే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే. పళ్ల వాసనలా తియ్యగా ఉంటే షుగరు కావచ్చు. అసలు వాసనే లేకపోయినా మంచిది కాదు. మా ముసలి పిల్లి గిన్నెలకొద్దీ నీళ్లు తాగుతూ, ట్రే కంపు కొట్టడం మానేస్తే నేను సంతోషించాను, చూడు నా తెలివి! అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి.

మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకు, దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. నొప్పికని పారాసిటమాల్ వేయకు, అది పిల్లులకి విషం.

మరకలకి, ఉచ్చని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసామీద రాసినంతసేపు నాననిచ్చి, గుడ్డతో అద్దు. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది.

టార్చి వచ్చాక ఏ మూల మెరిసిందో ఫోటో తీసి పంపు.

పెద్దమ్మ