ఎస్‌ఐ ఎఫ్‌ఐఆర్ కట్టనంటే

తమ్ముడూ, మీ బాబాయిని టీ కొట్టు దగ్గర కులం పేరెత్తి తిట్టి కొట్టారనీ, స్టేషన్‌కి వెళ్తే ఎస్‌ఐ "ముందు విచారణ చేస్తాం, ఈలోగా రాజీ చూసుకోండి" అన్నాడనీ రాశావు. ఆ మాట చెల్లదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టంలో 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు.

అయితే ముందు ఆ ఫిర్యాదు కాగితం మళ్లీ రాయించు. "కులం పేరుతో దూషించారు" అని మర్యాదగా రాసేస్తారు చాలామంది. కేసు నీరుగారేది అక్కడే. వాడన్న మాట అన్నట్టే పడాలి, ఎంత బూతైనా సరే (రాసేవాడికి చెయ్యి రాదు, తెలుసు). నలుగురి ఎదుటే జరిగిందని తేలాలి కాబట్టి టీ కాచే అతనూ, బల్ల మీద కూర్చున్నవాళ్లూ ఎవరో పేర్లతో రాయండి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు తిడితే దూషణ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కొట్టినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కారని కూడా ఒక వాక్యం ఉండాలి.

దాన్ని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపు, రసీదు పారేయకు. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) చూపించే దారి అదే, అక్కడా కదలకపోతే కోర్టు. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని విధి ఎగ్గొడితే అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది జైలు. ఆ సంగతీ ఉత్తరంలో ఎత్తు.

కేసు కట్టాక దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ హోదాకు తగ్గనివాళ్లు, ఎస్‌ఐ కాదు. బాబాయి గాయాలకు ప్రభుత్వాసుపత్రి చీటీ ఉందా? లేకపోతే ఇవాళే వెళ్లండి. హెల్ప్‌లైన్ 14566.