మొదటిసారి తవ్వకానికి వెళ్తున్న నీకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వచ్చే నెలలో పురావస్తు తవ్వకంలో చేరబోతున్నావని, అక్కడ నలుగురితో ఎలా మసలుకోవాలో రాయమని అడిగావు. తాపీ పట్టుకోవడం, పొరలను గుర్తుపట్టడం వంటివి అక్కడివారే దగ్గరుండి నేర్పుతారు కాబట్టి వాటి జోలికి పోను. తోటివారితో మెలగడం గురించి మాత్రం ఎవరూ పాఠం చెప్పరు. తవ్వకం సవ్యంగా సాగడం, సాగకపోవడం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఒకసారి తవ్వి తీసిన పొరను మళ్లీ పేర్చలేమన్న సంగతి ముందుగా మనసులో పెట్టుకో. చివరికి మిగిలేవి మనం రాసుకున్న కాగితాలు, గీసుకున్న పటాలు, తీసిన ఫొటోలు, చీటీలు కట్టిన సంచులు మాత్రమే. కాబట్టి పొరపాటు చేసినవారు ఆ పూటే, భయపడకుండా, నోరు విప్పి చెప్పగలుగుతున్నారా లేదా అన్నదాన్ని బట్టే ఒక బృందంలోని స్నేహాన్ని నేను అంచనా వేస్తాను. సాయంత్రాలు కలిసి పాటలు పాడుకోవడం బాగానే ఉంటుంది, కాని దానికి నేను పెద్దగా మార్కులు వేయను.

ఇది నా అనుభవంలో తెలిసిన విషయమే. కొత్తలో ఒకసారి పాతకాలపు చెత్త గుంత అంచును గుర్తించలేక, దాని పూడిక మట్టినీ పక్కనున్న నేల మట్టినీ కలిపి జానెడు లోతు తీసేశాను. రెండు మట్టుల రంగులోనూ తేడా చాలా స్వల్పం. కాసిని నీళ్లు చిలకరిస్తే తప్ప కంటికి ఆనదు. కుండపెంకులన్నింటినీ ఒకే సంచిలో వేసి ఒకే చీటీ కట్టాను. సాయంత్రానికి తప్పు తెలిసివచ్చినా చెప్పలేదు, ఎందుకంటే ముందురోజే మా పర్యవేక్షకుడు ఒక కుర్రవాడిని అందరి ఎదుటా నానా మాటలూ అన్నాడు. నాలుగు రోజుల తరువాత పెంకులు కడిగే చోట కూర్చున్న పెద్దావిడ ఆ సంచి విప్పి, రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి, "ఇవి ఒక కాలపువి కావే!" అన్నది. అప్పుడు చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనకుండా, చీటీ మీద 'కలిసిపోయినవి' అని రాసి, ఏ రోజున ఎంత లోతులో అలా జరిగిందో నాచేతనే రోజువారీ పుస్తకంలో రాయించింది. ఆ సాయంత్రమే చెప్పి ఉంటే గుంతలో అడుగు భాగమైనా విడిగా తీసి ఉండేవాళ్లం. నాలుగు రోజుల్లో అదీ పోయింది.

ఇద్దరి మధ్య నమ్మకం ఎంత చిన్న పనిలో అవసరమవుతుందో లెవెల్ తీసేటప్పుడు, అంటే ఏ చోటు ఎంత ఎత్తులో ఉందో కొలిచేటప్పుడు, చూడు. ఒకరు కొలబద్దను నిలబెడతారు, మరొకరు పరికరంలోంచి అంకె చదువుతారు, మూడోవారు రాసుకుంటారు. కొలబద్ద ఒరిగితే అంకె అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, పట్టుకున్నవారు దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతుంటే చదివేవారు అన్నింటికన్నా తక్కువ అంకెను తీసుకోవాలి. రాసేవారు ఆ అంకెను తిరిగి గట్టిగా పలకాలి. మొదట్లో ఇది చాదస్తంగా తోచవచ్చు, అలవాటు చేసుకో. పొరలకు వేసే సంఖ్యల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ 1973లో రూపొందించిన పద్ధతిలో, ఏ పొర ముందుది, ఏది తరువాతిది అన్న క్రమమంతా ఒకే పటంలో గీస్తారు. నీ ట్రెంచి, అంటే నీకు తవ్వమని అప్పగించిన గుంత, కాగితంలో తప్పుగా దొర్లిన ఒక్క పొర సంఖ్య ఆ క్రమాన్నే తలకిందులు చేయగలదు.

చదువుకున్నామన్న ధీమాతో కూలీలను చిన్నచూపు చూడకు. గునపం దెబ్బ శబ్దం మారగానే కింద మట్టి మారిందని పసిగట్టేది తరచుగా వారే. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని కుఫ్త్ గ్రామస్థులకు 19వ శతాబ్దం చివరలో తవ్వకపు పని నేర్పితే, వారి తరువాతి తరాలవారు ఎన్నో తవ్వకాలకు మేస్త్రీలయ్యారు. ఇంగ్లండులో సట్టన్ హూ అనే చోట ఉన్న పాతకాలపు సమాధి దిబ్బలో 1939లో ఓడ బయటపడినప్పుడు, దాన్ని తవ్వుతున్న బేసిల్ బ్రౌన్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు. ఆయనకు సాయంగా ఉన్నవారు ఆ దిబ్బ ఉన్న ఎస్టేటులోని పనివారే. ఇనుప మేకు ఒకటి కనబడగానే బ్రౌన్ తొందరపడలేదు. చెక్క అంతా మట్టిలో కలిసిపోయినా మేకుల వరుసలు ఉన్నచోటనే ఉన్నాయి. వాటిని కదపకుండా చుట్టూ ఇసుక తీస్తూ పోవడంతో సుమారు 27 మీటర్ల ఓడ ఆకారం నిలిచింది. తరువాత కేంబ్రిడ్జి పండితుడు చార్లెస్ ఫిలిప్స్ వచ్చి అజమాయిషీ చేపట్టినా, బ్రౌన్ ఆ పనిలోనే కొనసాగాడు. అంత పెద్ద మనసు అందరికీ ఉండదు, నాకూ లేదు. పక్క ట్రెంచిలో బంగారు పూస దొరికి అందరూ అటు పరుగెత్తుతుంటే, నీ ట్రెంచిలో నెలరోజులుగా ఉత్త మట్టే వస్తుంటే, మనసు చివుక్కుమంటుంది. అలాంటప్పుడు వెళ్లి చూసి, సంతోషం చెప్పి, వెంటనే తిరిగి వచ్చి నీ పని చూసుకో. అక్కడ ఏమీ లేదన్నదీ నమోదు చేయవలసిన విషయమే. నీ ట్రెంచిలో ఏదైనా దొరికితే మాత్రం, మొదట ఎవరి కంటబడిందో వారి పేరు పుస్తకంలో రాయి, ఆ మనిషి కూలీ అయినా సరే.

ఇతరుల ట్రెంచి అంచు మీద కూర్చోకు. గట్టు విరిగితే వారి వారం రోజుల పని గంగలో కలుస్తుంది. చివరి రోజు గుంతలు పూడ్చేదాకా ఉండు, ఆనాటికి సగంమంది ఏదో ఒక సాకుతో జారుకుంటారు. ఇంకొక్కటి, నీ తాపీ పిడికి ఏదైనా రంగు దారం చుట్టుకో. ఏ తాపీ ఎవరిదన్న తగాదా మొదటి వారంలోనే మొదలవుతుంది, దాన్ని తీర్చగల పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి