సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు బయోస్ ఫ్లాష్: నాకు ఎదురైనది

తమ్ముడూ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 570కి విండోస్‌లో డ్రైవర్ ఎక్కడం లేదు, ఎర్రర్ 43 వస్తోంది, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి బయోస్ (కార్డును నడిపే, కార్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్) ఫ్లాష్ చేస్తే, అంటే చెరిపి కొత్తది రాస్తే, కార్డు చచ్చిపోతుందా అని అడిగావు. 2023లో ఇదే కార్డుతో, ఇదే ఎర్రర్‌తో నేను వారం రోజులు నిద్రపోలేదు.

2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక ఇలాంటి కార్డులు కుప్పలుగా అమ్మకానికి వచ్చాయి. మైనింగ్ చేసేవాళ్లు మెమరీ టైమింగ్స్ (మెమరీ ఎంత వేగంగా స్పందించాలో చెప్పే సెట్టింగ్‌లు) మార్చిన బయోస్ ఎక్కిస్తారు. అలా మార్చినదాన్ని ఏఎండీ డ్రైవర్ ఒప్పుకోదు. నాకు అమ్మినాయన "గేమింగ్ కార్డే" అని ఒట్టేశాడు, హనుమకొండ తెచ్చి బిగించాక గానీ సంగతి తెలియలేదు.

ముందు కార్డు పై అంచున చిన్న స్విచ్ ఉందేమో చూడు. కొన్ని మోడళ్లలో రెండు బయోస్‌లు ఉంటాయి. సిస్టం ఆపి, స్విచ్ రెండోవైపు జరిపి ఆన్ చెయ్యి. అటువైపు కంపెనీ బయోస్ అలాగే ఉంటే ఫ్లాష్ అవసరమే ఉండదు.

నా కార్డుకు స్విచ్ లేదు. విండోస్ లాంటిదే అయిన ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టి, లైవ్‌లో (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే) బూట్ చేశాను. నీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ అయితే అందులో గ్రాఫిక్స్ ఉండదు, డిస్‌ప్లే కోసం ఇంకో పాత కార్డు అడిగి తెచ్చుకో. కార్డు బయోస్ చదివి రాసే టూల్ ఏఎండీవీబీఫ్లాష్‌ను సుడోతో (అడ్మిన్ అనుమతితో) నడిపి మొదట పాత బయోస్ సేవ్ చెయ్యి. నేను రెండుసార్లు సేవ్ చేసి, రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చి చూశాను. దాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యడం మరిచిపోకు, లైవ్‌లో దాచినది సిస్టం ఆపగానే పోతుంది.

నేను తప్పు చేసింది ఆ తర్వాత. మోడల్ పేరు కలిసింది కదా అని నెట్‌లో దొరికిన ఫైల్ ఎక్కించాను. రీస్టార్ట్ చేస్తే కార్డు నుంచి స్క్రీన్ నిండా రంగు రంగుల చుక్కలు! గుండె ఆగినంత పనైంది. మళ్లీ మదర్‌బోర్డు కేబుల్‌తో బూట్ చేసి పాత బయోస్ వెనక్కి ఎక్కించాకే ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు థర్మల్ పేస్ట్ మార్చడానికి కూలర్ విప్పి, ఫోన్ టార్చ్ వేసి చూస్తే మెమరీ చిప్‌ల మీద హైనిక్స్ అని ఉంది. నేను ఎక్కించిన ఫైల్‌లో సాంసంగ్ మెమరీకే టైమింగ్స్ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డుల బయోస్ ఫైళ్లు దొరికే టెక్‌పవర్‌అప్ సైట్‌లో ప్రతి బయోస్ కింద అది ఏ మెమరీకి పనికొస్తుందో రాసి ఉంటుంది. మోడల్, జీబీ, మెమరీ కంపెనీ మూడూ కలిసిన ఫైలే తీసుకో.

రాయడానికి అర నిమిషం కూడా పట్టదు, కానీ ఆ కాసేపూ కరెంటు పోకూడదు. మన దగ్గర ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే ఏమవుతుందో తెలుసు కదా. ఇన్వర్టర్ మీదికి మారేలోపు కొన్నిసార్లు సిస్టం రీస్టార్ట్ అవుతుంది, అందుకే నేను యూపీఎస్ పెట్టి పొద్దున్నే ఆరింటికి కూర్చున్నాను. సరైన ఫైల్ ఎక్కాక డ్రైవర్ మొదటిసారికే తీసుకుంది.

కార్డు వెనక స్టిక్కర్ ఫోటో, మెమరీ చిప్ మీది పేరు పెట్టు. ఏ ఫైల్ సరిపోతుందో చూసి చెప్తాను, అప్పటిదాకా ఏదీ ఎక్కించకు.